ల్యాప్‌టాపు కొనబోయే విద్యార్థి ప్రాసెసరు పేరును ఎట్లా చదవాలి?

మా తండ్రుల కాలంలో డిగ్రీ కళాశాలలో చేరే కుర్రవానికి ఇంటివారు సైకిలు కొనిపెట్టేవారు. సైకిలు కొనేటప్పుడు మోసపోవటం కష్టం. చక్రం తిప్పి చూడవచ్చు, బ్రేకు నొక్కి చూడవచ్చు, వీధి చివరిదాకా తొక్కి వచ్చి బేరమాడవచ్చు. నేడు ఆ స్థానాన్ని ల్యాప్‌టాపు ఆక్రమించింది. దీని చక్రం మన కంటికి కనిపించదు. మూత మీద అతికించిన అంగుళమంత రంగు కాగితం, దానిపై ఒక పేరు, ఒక అంకె మాత్రమే కనిపిస్తాయి. వాటిని నమ్మి ఇంటిల్లిపాది ఆరు నెలలు కూడబెట్టిన సొమ్మును దుకాణదారు చేతిలో పోసి వస్తున్నాము.

నేను సాంకేతిక శాస్త్రం చదివినవాణ్ణి కాను. తెలుగు అధ్యాపకుణ్ణి, నాకు తెలిసిన విద్య పదాన్ని విడదీసి అర్థం చెప్పటం. ఈ విషయంపై రాయటానికి నాకు అధికారం లేదని కంప్యూటర్ శాఖలోని మిత్రులు అనవచ్చు. కాని రాయవలసిన బాధ్యత మాత్రం ఉన్నది. దానికి కారణమైన సంఘటనను ముందుగా విన్నవిస్తాను.

2023 జూన్ మాసంలో మన కళాశాలలో బి.కాం. మొదటి సంవత్సరంలో చేరిన ఒక విద్యార్థిని తన తండ్రిని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చింది. ఆయన దర్జీ. పాతబడిన ల్యాప్‌టాపులు బాగుచేసి అమ్మే ఒక దుకాణంలో ఇద్దరూ రెండు యంత్రాలు చూసి వచ్చారు. రెండింటి ధరా ఒకటే, 22 వేల రూపాయలు. ఒకదానిపై ఐ7 అని, రెండవదానిపై ఐ5 అని ఉన్నది. ఏది తీసుకొమ్మంటారని అడిగారు. నేను ఒక్క క్షణమైనా ఆలోచించకుండా, ‘‘అయిదు కంటె ఏడు పెద్దది కదమ్మా, ఐ7 తీసుకో’’ అన్నాను. అయిదేళ్ళ పిల్లవాణ్ణి అడిగినా అదే చెప్పి ఉండేవాడు. అధ్యాపకుడు చెప్పాడు కనుక వారు మారు మాట లేకుండా అదే కొన్నారు.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ ఉచిత భద్రతా సవరణలు నిలిపివేసింది. అందరూ విండోస్ 11కు మారుతున్న ఆ రోజుల్లో ఆ అమ్మాయి తన యంత్రాన్ని నా వద్దకు తెచ్చి, ‘‘సార్, ఇది ఒప్పుకోవటం లేదు’’ అన్నది. తెర మీద వచ్చిన వాక్యానికి అర్థం ఒక్కటే: ఈ ప్రాసెసరుకు విండోస్ 11 లేదు. అప్పుడుగాని ఆ కాగితంపై ఐ7 పక్కన ఇంకా ఏమున్నదో నేను చూడలేదు. దాని పూర్తి పేరు ఐ7-7500యు. వారు దుకాణంలో వదిలివచ్చినది ఐ5-8250యు. ఆ రెండవది అయివుంటే విండోస్ 11 నిరభ్యంతరంగా ఎక్కేది. అంతేకాదు, ఈ రెండేళ్ళూ ఆమె పని మరింత వేగంగా సాగేది. అయిదు ఏడు కంటె పెద్దది ఎట్లా అయిందో తెలుసుకొనటానికి నేను కొన్ని వారాలు చదవవలసి వచ్చింది. ఆ చదివినదాన్నే ఇక్కడ మీ ముందుంచుతున్నాను.

ప్రాసెసరు అనేది కంప్యూటరులో లెక్క చేసే భాగం. గోరంత సిలికాన్ పలకపై అతి సూక్ష్మమైన విద్యుత్ మీటలను, అనగా ట్రాన్సిస్టర్లను, నిర్మిస్తారు. 1971లో ఇంటెల్ సంస్థ విడుదల చేసిన 4004 అనే తొలి ప్రాసెసరు చిప్పులో సుమారు 2,300 ట్రాన్సిస్టర్లు ఉండేవి. నేడు సామాన్య ల్యాప్‌టాపులోని చిప్పులో అవి వందల కోట్లు. మన బజారులోని ల్యాప్‌టాపులలో అత్యధిక భాగం ఇంటెల్ ప్రాసెసర్లతోనో, ఏఎండీ అనే సంస్థ ప్రాసెసర్లతోనో వస్తున్నాయి. ఇంటెల్ 1968లో, ఏఎండీ 1969లో స్థాపితమైనవి.

బల్ల మీది కంప్యూటరుకు వాడే ప్రాసెసరు వేరు, ఒడిలో పెట్టుకొనే ల్యాప్‌టాపుకు వాడేది వేరు. మొదటిదానికి గోడలోని కరెంటు ఉన్నది, వేడిని తోసివేసే పెద్ద పంకా ఉన్నది. రెండవది బ్యాటరీతో బ్రతకాలి, వేలెడు మందం లేని పెట్టెలో ఊపిరాడక పనిచేయాలి. అందుచేత ల్యాప్‌టాపు ప్రాసెసర్లకు వాట్లలో ఒక పరిమితి విధిస్తారు. పేరు చివర ‘యు’ అనే అక్షరముంటే పొదుపు రకమని, సాధారణంగా 15 వాట్లని గ్రహించాలి. ‘హెచ్’ అని ఉంటే 35, 45 వాట్ల రకం. అది ఆటలకూ చలనచిత్రాలను కూర్చే పనికీ ఉద్దేశించినది. బరువెక్కువ, బ్యాటరీ త్వరగా ఖాళీ అవుతుంది. బస్సులో మోసుకొని వచ్చి తరగతి గదిలో నాలుగు గంటలు వాడుకోవలసిన విద్యార్థికి ‘యు’ రకమే తగినది.

ఇక లోపలి సంగతి. దీన్ని ఆ అమ్మాయి తండ్రికి వివరించటానికి ఆయన దుకాణాన్నే ఉదాహరణగా తీసుకున్నాను. నాకు అంతకంటె మంచి ఉపమానం ఇంతవరకు దొరకలేదు.

ప్రాసెసరు ఒక కుట్టు దుకాణం అనుకోండి. ‘కోరు’ అంటే మిషను ముందు కూర్చున్న ఒక దర్జీ. రెండు కోర్లంటే ఇద్దరు, నాలుగంటే నలుగురు. ‘గిగాహెర్ట్జ్’ అనేది సూది ఎంత వేగంగా ఆడుతున్నదో చెప్పే లెక్క. సూది వేగంగా ఆడితే సరిపోతుందా? పనితనం తెలిసిన దర్జీ ఒక్క ఈతకు ఎంత కుట్టు వేస్తాడో, నేర్చుకొనే కుర్రవాడు అంత వేయలేడు. ఈ పనితనాన్నే ప్రాసెసరు ‘నిర్మాణం’ అంటున్నారు. కొత్త తరంలో నిర్మాణం మెరుగవుతున్న కొద్దీ అదే వేగంలో ఎక్కువ పని జరుగుతుంది. ఒక దర్జీ ఒక చొక్కాకు గుండీలు వచ్చేలోగా ఖాళీగా ఉండక రెండవ చొక్కా అందుకుంటే, ఒక్కడే ఇద్దరి పని కొంతవరకు చేసినట్లు. దీనిని ‘థ్రెడ్డు’ల లెక్కలో చూపుతారు. రెండు కోర్లు, నాలుగు థ్రెడ్లు అంటే నలుగురు దర్జీలని కాదు. ఇద్దరే, కాని చేతిలో రెండేసి బట్టలున్నవారు. దారపుండలు, గుండీలు చేతికందేటట్లు పెట్టుకొనే చిన్న పెట్టె వంటిది ‘క్యాష్’. బట్ట పరచి కత్తిరించే బల్ల ‘ర్యామ్’. కుట్టవలసినవీ కుట్టినవీ దాచే బీరువా ‘ఎస్.ఎస్.డి.’ లేక ‘హార్డ్ డిస్కు’. పంకా లేని గదిలో నలుగురు దర్జీలు చెమటోడ్చి కుట్టవలసి వస్తే మధ్యాహ్నానికి చేతులు మందగిస్తాయి. ప్రాసెసరుదీ అదే స్థితి. వేడెక్కినప్పుడు తన వేగాన్ని తానే తగ్గించుకొంటుంది.

ఆయన సాంతం విని, ‘‘అయితే సార్, ఏడు అంటే ఏడుగురు దర్జీలని కాదన్నమాట’’ అన్నారు. కాదు. నేనూ నా మనస్సులో ఎక్కడో అట్లాగే అనుకొని ఉంటాను. ఐ3, ఐ5, ఐ7 అనేవి ఆ యేటి సరుకులో కింది మెట్టు, నడిమి మెట్టు, పై మెట్టు అని చెప్పే గుర్తులు మాత్రమే. ఒక యేటి పై మెట్టు కంటె మరుసటి యేటి నడిమి మెట్టు ఎత్తుగా ఉండవచ్చు. ఏ యేటి సరుకో చెప్పే అంకె దాని పక్కన ఉంటుంది. అమ్మేవాడు దాన్ని పైకి చదవడు.

ఇప్పుడు ఆ రెండు యంత్రాలను పక్కపక్కన పెట్టి చూద్దాము. ఐ7-7500యు 2016లో వచ్చినది. గీత తరువాతి మొదటి అంకె 7, అనగా ఏడవ తరం. అందులో ఇద్దరే దర్జీలు. కోర్లు 2, థ్రెడ్లు 4, క్యాష్ 4 ఎంబీ. ఐ5-8250యు 2017లో వచ్చిన ఎనిమిదవ తరం. కోర్లు 4, థ్రెడ్లు 8, క్యాష్ 6 ఎంబీ. రెండూ 15 వాట్లవే. ఇక్కడ మరొక ఉచ్చు ఉన్నది. మొదటిదాని మూల వేగం 2.7 గిగాహెర్ట్జ్ అని, రెండవదానిది 1.6 అని రాసి ఉంటుంది. ఆ అంకె మాత్రమే చూసినవాడు మళ్ళీ మొదటిదే మేలంటాడు. కాని అవసరం పడినప్పుడు రెండవదీ 3.4 దాకా పోగలదు, మొదటిది 3.5 దాకా. ఒక్కొక్క దర్జీ వేగంలో దాదాపు తేడా లేదు, దర్జీల సంఖ్య మాత్రం రెట్టింపు. ఒకే యేడాదిలో ఇంత మార్పు రావటానికి ఇంటెల్ వారు అప్పటివరకు 15 వాట్ల రకంలో రెండు కోర్లతోనే సరిపెట్టి, ఎనిమిదవ తరంలో నాలుగుకు పెంచటమే కారణం. ఏఎండీ వారి రైజెన్ ఆ యేడే బజారులోకి వచ్చి పోటీ పెంచిందన్న సంగతిని కూడా గుర్తుంచుకోవాలి. పోటీ వల్ల కొనేవానికి కలిగే మేలుకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ వాణిజ్యశాస్త్ర విద్యార్థులకు దొరకదు.

విండోస్ 11 సంగతి కూడా ఈ తరం అంకె మీదనే ఆధారపడి ఉన్నది. ఇంటెల్‌లో ఎనిమిదవ తరం మొదలు, ఏఎండీ ల్యాప్‌టాపులలో సాధారణంగా రైజెన్ 3000 శ్రేణి మొదలు దానికి అర్హత లభిస్తుంది. కనుక వాడిన యంత్రం కొనే విద్యార్థి ఆ హద్దుకు ఇవతల ఉన్నదేదీ, అది ఐ7 అయినా సరే, అధిక ధరకు కొనరాదు.

కొత్త యంత్రాలకు వద్దాము. తరం పదికి చేరిన తరువాత మొదటి రెండు అంకెలూ కలిపి చదవాలి. ఐ3-1115 అంటే పదకొండవ తరం, ఐ3-1215 అంటే పన్నెండవ తరం. చూపుకు ఒక్క అంకె తేడా. కాని 2020 నాటి ఐ3-1115జి4లో కోర్లు 2, థ్రెడ్లు 4. 2022 నాటి ఐ3-1215యులో కోర్లు 6, థ్రెడ్లు 8. ఈ ఆరుగురూ సమానులు కారు. ఇద్దరు వేగంగా పనిచేసే ఆరితేరిన దర్జీలు, నలుగురు తక్కువ కరెంటుతో నెమ్మదిగా పనిచేసేవారు. చిన్న పనులు నలుగురికి అప్పజెప్పి, బరువైనది వచ్చినప్పుడు ఆ ఇద్దరినీ లేపుతారు. విద్యార్థి అవసరాలకు ఈ ఏర్పాటు చాలా అనుకూలమైనది. నా అభిప్రాయంలో కింది మెట్టులోని ఐ3 అనే పేరుకు తొలిసారి గౌరవం తెచ్చిపెట్టినది ఈ పన్నెండవ తరమే.

2023లో ఇంటెల్ వారు ఆ ‘ఐ’ అనే అక్షరాన్ని తీసివేసి కోర్ 3, కోర్ 5, కోర్ 7 అనీ, వేరొక తరగతికి కోర్ అల్ట్రా అనీ పేర్లు పెట్టడం ప్రారంభించారు. పేరు కొత్తదైనంత మాత్రాన లోపలిది కొత్తదని భ్రమపడరాదు. 2024లో వచ్చిన కోర్ 3 100యులో కూడా అదే రెండు పెద్ద కోర్లు, నాలుగు చిన్న కోర్లు. అది మంచి ప్రాసెసరే. కాని కొత్త పేరు ఉన్నదన్న ఒక్క కారణంతో నాలుగు వేలు అదనంగా అడిగితే, ఆ నాలుగు వేలు దేనికని అడిగే హక్కు మనకున్నది.

అన్నిటికంటె చవక యంత్రాలలో సెలెరాన్, పెంటియం అనే పేర్లు కనిపించేవి. వాటినీ 2023లో మార్చి ‘ఇంటెల్ ప్రాసెసర్’ అని మాత్రమే పిలవసాగారు. పాత నిల్వలలో, వాడిన సరుకులో ఇప్పటికీ సెలెరాన్ ఎన్4020 ఎదురుపడవచ్చు. అందులో కోర్లు రెండు, థ్రెడ్లూ రెండే. ఒక వైపు ఆన్‌లైన్ పాఠం నడుస్తుండగా మరొక వైపు నోట్సు రాసుకోవటం కూడా దానికి భారమే. ధర ఎంత తక్కువైనా డిగ్రీ విద్యార్థికి దానిని సిఫారసు చేయలేను. 2023 నాటి ఎన్100 కొంత నయం. నాలుగు చిన్న కోర్లు, 6 వాట్లు. రాతపనికీ పాఠాలు వినటానికీ చాలుతుంది. ఐ3-ఎన్305 అని మరొకటి ఉన్నది. ఇందులో ఎనిమిది కోర్లు. అయితే ఎనిమిదీ చిన్నవే, ఆరితేరిన దర్జీ ఒక్కడూ లేడు. ‘ఐ3, ఎనిమిది కోర్లు’ అని దుకాణదారు గొప్పగా చెప్పినప్పుడు మధ్యలో ‘ఎన్’ అనే అక్షరమున్నదేమో చూసుకోవాలి.

ఏఎండీ వారి నామకరణం ఇంకొక చిక్కు ముడి. 2023 సంవత్సరపు సరుకు మొదలు వారు నాలుగంకెల పద్ధతి ఒకటి ప్రవేశపెట్టారు. మొదటి అంకె ఏ యేటి పట్టికలోనిదో చెబుతుంది, రెండవది మెట్టును, మూడవది నిర్మాణాన్ని చెబుతుంది. వ్యాకరణం తెలిసినవాడు ప్రత్యయాన్ని చూసి విభక్తిని చెప్పినట్లు, ఇక్కడ మూడవ అంకెను చూసి అసలు వయస్సు చెప్పవచ్చు. రైజెన్ 5 7520యు, రైజెన్ 5 7530యు అనే రెంటిని తీసుకోండి. రెండూ రైజెన్ 5లే, రెండూ ఏడు వేల శ్రేణిలోనివే. మూడవ అంకె ఒకదానిలో 2, మరొకదానిలో 3. మొదటిది జెన్ 2 అనే నిర్మాణం, 2019లో వెలువడినది. రెండవది జెన్ 3, 2020 నాటిది. మొదటిదానిలో కోర్లు 4, థ్రెడ్లు 8, మూడవ అంచె క్యాష్ 4 ఎంబీ. రెండవదానిలో కోర్లు 6, థ్రెడ్లు 12, అదే క్యాష్ 16 ఎంబీ. పేరులో పది అంకెల తేడా, పనిలో నలుగురి దుకాణానికీ ఆరుగురి దుకాణానికీ ఉన్న తేడా. మరొక విచిత్రం: రైజెన్ 3 7320యు అనే కింది మెట్టు ప్రాసెసరులోనూ అవే 4 కోర్లు, 8 థ్రెడ్లు, అదే 4 ఎంబీ క్యాష్. 7520యు దానికంటె కొద్దిగా వేగంగా తిరుగుతుంది, అంతే. ‘5’ అనే అంకెకు ఇక్కడ ఎక్కువ ధర చెల్లించినవాడు చాలావరకు అంకెకే చెల్లించినట్లు.

నిష్పక్షపాతంగా చెప్పాలంటే 7520యు చెడ్డ ప్రాసెసరు కాదు. కరెంటు తక్కువ తీసుకుంటుంది, రాతకూ లెక్కల పట్టికలకూ సరిపోతుంది. దానిలో నిజమైన ఇబ్బంది వేరే ఉన్నది. అది ఎల్పీడీడీఆర్5 అనే రకపు ర్యామ్‌తో మాత్రమే పనిచేస్తుంది. ఆ ర్యామ్ చిప్పులను బోర్డుకే అతికించి అమ్ముతారు. ఈ యేడు 8 జీబీతో కొని, చివరి సంవత్సరంలో డబ్బు చూసుకొని ఇంకొక 8 జీబీ వేయించుకుందామనుకొనే మధ్యతరగతి పొదుపు ఇక్కడ పనికిరాదు. బల్ల చిన్నదైతే దుకాణం ఉన్నన్నాళ్ళూ చిన్నదే.

పరీక్షా ఫలితాలను పోల్చి చూడరాదా అని ఎవరైనా అడగవచ్చు. సినీబెంచ్, గీక్‌బెంచ్, పాస్‌మార్క్ అనే పరీక్షల మార్కులు ఉచితంగా చూడవచ్చు. అయితే అందులో రెండు రకాల మార్కులుంటాయి. ఒకటి ఒక్క కోరు పనితనానికి, ఒకటి అన్ని కోర్లూ కలిసి చేసిన పనికి. రాసుకొనటం, చదువుకొనటం, పుటలు తెరవటం వంటి మన నిత్య కృత్యాలలో చురుకుదనం కనిపించేది ఎక్కువగా మొదటిదాని వల్ల. అనేక పనులు ఒకేసారి నడిచినప్పుడు, పెద్ద ప్రోగ్రాము కట్టేటప్పుడు రెండవది అక్కరకు వస్తుంది. గీక్‌బెంచ్ 5వ కూర్పు మార్కులను 6వ కూర్పు మార్కులతో పోల్చరాదు. ఇంటర్మీడియట్ మార్కులను ఎం.ఏ. మార్కులతో పోల్చినట్లవుతుంది. ఒకే ప్రాసెసరు రెండు కంపెనీల పెట్టెలలో రెండు విధాలుగా ప్రవర్తించవచ్చునని కూడా జ్ఞాపకముంచుకోవాలి. గాలి తిరిగే పెట్టెలో అది గంటసేపు అదే వేగంతో పనిచేస్తుంది. ఇరుకు పెట్టెలో పది నిమిషాలకే వాడిపోతుంది.

ప్రాసెసరు మంచిదైనా మిగిలినవి చెడగొట్టగలవు. ర్యామ్ 8 జీబీకి తగ్గరాదు, 16 ఉంటే నిశ్చింత. బీరువా విషయంలో ‘ఈఎంఎంసీ 64 జీబీ’ అని ఉన్నదాన్ని దూరంగా ఉంచండి; విండోసూ, దాని సవరణలూ ఎక్కేసరికే అందులో చోటు నిండుతుంది. ఎస్.ఎస్.డి. ఉండాలి. పాత ల్యాప్‌టాపులో హార్డ్ డిస్కు తీసివేయించి ఎస్.ఎస్.డి. వేయించితే కలిగే మార్పు, కొందరు ప్రాసెసరు మార్చినా పొందలేనంత ఉంటుంది.

మన కళాశాలకు ప్రత్యేకమైన ఒక విషయం చెప్పి తీరాలి. ఉర్దూ శాఖ విద్యార్థులలో చాలామంది ఇన్‌పేజ్‌లో టైపు చేయటం నేర్చుకొంటున్నారు. అది విండోస్ కోసం తయారైన సాఫ్ట్‌వేరు. కామర్స్ విద్యార్థుల ట్యాలీ కూడా విండోస్‌దే. చవకగా వస్తున్నదని క్రోమ్‌బుక్ కొని తెచ్చుకొన్న విద్యార్థి ఈ రెంటినీ నేరుగా ఎక్కించుకోలేడు. ఆర్మ్ పద్ధతి ప్రాసెసర్లతో వచ్చే కొత్త విండోస్ ల్యాప్‌టాపులలో బ్యాటరీ బాగా నిలుస్తుంది. కాని తనకు కావలసిన సాఫ్ట్‌వేరు అందులో నడుస్తున్నట్లు కన్నులారా చూసిన తరువాతనే డబ్బు చెల్లించాలి.

ఎవరికి ఎంత కావాలి? బి.ఏ. విద్యార్థికి ఎన్100 యంత్రం, 8 జీబీ ర్యామ్ ఉంటే మూడేళ్ళు సర్దుకొని గడపవచ్చు. బి.కాం. వారికి ఐ3-1215యు వంటిది హాయిగా సరిపోతుంది. కంప్యూటర్ సైన్సు వారు 7530యు స్థాయికి తగ్గకుండా, ర్యామ్ పెంచుకొనే వీలున్నది చూసుకోవటం మంచిది. ఆటల కోసం కొనదలచినవారు తమ తండ్రులకు ఆ మాట చెప్పి కొనాలి. ‘ప్రాజెక్టు కోసం’ అని చెప్పరాదు.

దుకాణంలో నిలబడి చేయవలసిన పరీక్ష పెద్దదేమీ కాదు. యంత్రాన్ని వెలిగించమని అడగండి. విండోస్‌లో ‘టాస్క్ మేనేజర్’ తెరిచి ‘పర్ఫామెన్స్’ అనే చోట చూడండి. ప్రాసెసరు పూర్తి పేరు, కోర్లు, థ్రెడ్లు అక్కడ కనిపిస్తాయి. మెమరీ అనే చోట ర్యామ్ ఎంత ఉన్నదో, ఎన్ని గదులలో ఎన్ని నిండినవో సాధారణంగా తెలుస్తుంది. అంటించిన కాగితం అబద్ధమాడవచ్చు, ఇది ఆడదు. ఆ పేరును కాగితంపై రాసుకొని ఇంటికి వచ్చి, తయారు చేసిన సంస్థ వారి పట్టికలోనే వెదకి చూసి మరునాడు వెళ్ళి కొనండి. ‘ఈ ధర ఈ రోజే’ అన్న దుకాణదారు మాటకు తొందరపడనవసరం లేదు. బిల్లు మీద కూడా పూర్తి పేరునే రాయించుకోవాలి.

ఇక కమిటీ పెద్దలకు ఒక విన్నపం. గ్రంథాలయంలో ఉంచి విద్యార్థులకు అరువిచ్చే నిమిత్తం వచ్చే విద్యా సంవత్సరంలో కొన్ని ల్యాప్‌టాపులు కొనే యోచన ఉన్నదని సంతోషంతో విన్నాను. నా కంటపడిన ముసాయిదాలో ‘ఐ5 లేదా రైజెన్ 5, 8 జీబీ ర్యామ్’ అని మాత్రమే ఉన్నది. ఆ వాక్యం ప్రకారం సరఫరాదారు 7520యు పంపినా అతనిని తప్పుపట్టలేము; వాక్యమే ఆ దారి తెరిచి ఉంచింది. నేను చేసిన తప్పు ఒక ఇంటి సొమ్ముకు సంబంధించినది. ఇది చందాలిచ్చిన ఎందరో సామాన్యుల సొమ్ముకు సంబంధించినది. ఒక కంపెనీ పేరు పెట్టడం న్యాయం కాదనుకొంటే, ఇంటెల్ అయితే 12వ తరమో ఆ తరువాతిదో, ‘ఎన్’ రకం కానిది అనీ, ఏఎండీ అయితే జెన్ 3 నిర్మాణమో ఆ తరువాతిదో అనీ, ఆరు కోర్లకు తగ్గరాదనీ, ర్యామ్ పెంచటానికి ఖాళీ గది ఉండాలనీ రాయవచ్చు. అట్లా రాస్తే ఐ3 యంత్రాలు కూడా పోటీలోకి వస్తాయి. మిగిలిన సొమ్ముతో 16 జీబీ ర్యామ్ వేయించవచ్చు. 8 జీబీ ర్యామ్ అతికించిన ఐ5 కంటె, 16 జీబీ ఉన్న ఐ3-1215యు మన పిల్లలకు ఎక్కువ కాలం ఉపయోగపడుతుందని నా గట్టి నమ్మకం. ఐ5 అన్న పేరుకు వార్షికోత్సవ నివేదికలో ఉండే శోభ దీనికి ఉండదన్నది నిజమే.

ఆ విద్యార్థిని ఇప్పుడు చివరి సంవత్సరంలో ఉన్నది. ఆమె యంత్రం ఆగిపోలేదు. విండోస్ 10కు 2026 అక్టోబరు వరకు మైక్రోసాఫ్ట్ వారు ఇచ్చిన గడువులో దానిని నమోదు చేయించాము. దాని పక్కనే లినక్స్ కూడా ఎక్కించి ఇచ్చారు మన ప్రయోగశాల సహాయకులు. రాతపని అంతా ఆమె అందులోనే చేసుకొంటున్నది. ట్యాలీకి మాత్రం సాయంత్రం తరగతులయ్యాక ప్రయోగశాలకు వచ్చి కూర్చుంటున్నది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

మొన్న ఆమె తండ్రి మళ్ళీ వచ్చారు. కుమారుడు ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం పూర్తి చేస్తున్నాడు, వానికీ ఒకటి కావాలి. జేబులో నుంచి కొలతలు రాసుకొనే చీటీ తీశారు. ఒక పక్క ఎవరిదో షేర్వానీ కొలత ఉన్నది. రెండవ పక్క మూడు దుకాణాలలో చూసిన మూడు యంత్రాల పేర్లు చివరి అక్షరంతో సహా ఉర్దూలో రాసి ఉన్నాయి. ‘‘సార్, వీటిలో దర్జీలెందరో చదివి చెప్పండి’’ అన్నారు. ఈసారి నేను వెంటనే జవాబు చెప్పలేదు. కళ్ళద్దాలు తెచ్చుకొని ఆయన పక్కన కూర్చున్నాను.